ఊచల్లేని జైలు, కదలని ఖైదీ: తాతా మనవలు కలిసి చూసే పాత కౌబాయ్ కామెడీ

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. కుర్రతనంలో కృష్ణ కౌబాయ్ సినిమాలకు నేల టికెట్టు కొని, ఆడినన్నాళ్లూ చూసిన మనిషి. సంక్రాంతికి ఊళ్లో అందరం కలుస్తున్నాం. మా అబ్బాయికి 13, పాపకి 9. ముగ్గురూ పక్కపక్కన కూర్చుని నవ్వుకునేలా పాత హాలీవుడ్ కౌబాయ్ కామెడీ ఒకటి చెప్పండి. ఎవరినడిగినా ‘బ్లేజింగ్ శాడిల్స్’ అంటున్నారు గానీ అందులో తిట్లు ఎక్కువట. పైగా నాన్నగారికి అమెరికా వాళ్ల మాట అందదు. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడా దొరకలేదు. ఏ సినిమా చూపించాలి, ఎలా చూపించాలి?
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ‘సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్’ చూపించండి. 1969 నాటి సినిమా. దర్శకుడు బర్ట్ కెనడీ, రచయిత విలియం బవర్స్, హీరో జేమ్స్ గార్నర్. నిడివి గంటన్నర మీద రెండు మూడు నిమిషాలు. మీరు విన్నది నిజమే. మెల్ బ్రూక్స్ తీసిన ‘బ్లేజింగ్ శాడిల్స్’ (1974) గొప్ప కామెడీయే గానీ తాత ఒళ్లో కూర్చుని తొమ్మిదేళ్ల పిల్ల చూసేది కాదు. అందులోని జాతి దూషణలు జాత్యహంకారాన్ని ఎగతాళి చేయడానికి పెట్టినవే. ఆ సంగతి తెలియని వయసులో చెవిన పడితే మాత్రం పిల్లలకు మిగిలేది తిట్టు ఒక్కటే.

మేం చెబుతున్న సినిమా అమెరికాలో పాత తరం వాళ్లకు బాగానే గుర్తుంది. మన దగ్గర మాత్రం దాని పేరెత్తేవాళ్లే లేరు. కారణం అది వచ్చిన ఏడాదే. ‘ద వైల్డ్ బంచ్’, ‘బుచ్ కాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్’, జాన్ వేన్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టిన ‘ట్రూ గ్రిట్’ అన్నీ 1969వే. మన దేశంలోనైతే ఆ ఏటి కౌబాయ్ సినిమా అంటే ‘మెకన్నాస్ గోల్డ్’ తప్ప ఇంకొకటి ఎవరికీ గుర్తు లేదు. ఆ పెద్ద సినిమాల మధ్య ఈ చిన్నది నలిగిపోయింది. అయిదేళ్లకు ‘బ్లేజింగ్ శాడిల్స్’ వచ్చాక కౌబాయ్ కామెడీ అంటే అదొక్కటే అన్నట్టయింది.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ‘సపోర్ట్ యువర్ లోకల్ గన్‌ఫైటర్’ అని 1971లో ఇంకోటి వచ్చింది. అదే దర్శకుడు, అదే హీరో, పక్క వేషాల్లోనూ చాలావరకు అవే మొహాలు. దీనికి రెండో భాగమేమో అనుకుంటారు, కాదు. కథా వేరు, పాత్రలూ వేరు. సరదాగానే ఉంటుంది గానీ దీనికి ఒక మెట్టు కింద. కొనేముందు, అద్దెకు తీసుకునేముందు పేరు చివర ‘షెరిఫ్’ అని, ఏడాది 1969 అని రెండూ సరిచూసుకోండి.

కథ మీకు ఎంత తెలియాలో అంతే చెబుతాం. కొలరాడోలో ఒక కుగ్రామం. ఊరూ పేరూ ఎవరికీ సరిగ్గా తెలియని ఒక మనిషిని పాతిపెట్టడానికి జనం గోతి చుట్టూ నిలబడి ఉంటారు. ప్రార్థన నడుస్తుండగా మేయర్ కూతురు ప్రూడీకి గోతి గోడలో బంగారం మెరుస్తూ కనిపిస్తుంది. అంతే, గోతిలోకి దూకి ఇది నాదంటుంది. అప్పటిదాకా మొహాలు వేలాడేసుకున్న పెద్దమనుషులంతా ఆమె వెనకే దిగి కలబడతారు. చచ్చినవాడి సంగతి ఎవరికీ పట్టదు. సినిమా రుచి ఏమిటో ఈ మొదటి సీనులోనే తెలిసిపోతుంది.

బంగారం దెబ్బకు ఊరు రాత్రికి రాత్రే బలుస్తుంది. వీధి నిండా కొట్లాటలు. ఆ బంగారాన్ని ఊరు దాటించే దారి డాన్బీ కుటుంబం చేతిలో ఉంటుంది. తండ్రీ కొడుకులు దారికి అడ్డం కూర్చుని సుంకం గుంజుతుంటారు. షెరిఫ్ (ఊరి పోలీసు అధికారి) ఉద్యోగంలో చేరినవాడు చేరినట్టే పోతుంటాడు. అలాంటి ఊళ్లోకి జేసన్ (జేమ్స్ గార్నర్) వస్తాడు. అతను ఆస్ట్రేలియాకు పోతూ పోతూ దారిఖర్చుల కోసం ఆగిన మనిషి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే చెబుతుంటాడు. ఉద్యోగంలో చేరగానే సెలూన్‌లో (అంటే సారాకొట్టులో) మనిషిని కాల్చి చంపిన జో డాన్బీని పట్టుకొచ్చి జైల్లో వేస్తాడు. అక్కణ్నుంచి కొడుకును విడిపించుకోవడానికి ముసలి పా డాన్బీ పడే తిప్పలే సినిమా.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది. జైలు కొత్తగా కట్టారు, ఊచలు ఇంకా రాలేదు. గది ఉంది, మంచం ఉంది, ముందువైపు మాత్రం బార్లా తెరిచి ఉంది. జేసన్ ఏం చేస్తాడంటే, ఊచలుండాల్సిన చోట నేలమీద సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీత దగ్గర ఎర్ర రంగు చుక్కలు పడి ఉంటాయి. ఆ మరక ఏమిటని జో అడిగితే, ఇంతకుముందు గీత దాటాలని చూసినవాడి తాలూకు అన్నట్టుగా బదులిస్తాడు. గదమాయించడు, తుపాకీ చూపించడు. దాటాలనిపిస్తే నువ్వూ దాటి చూడు అన్నంత తాపీగా ఉంటాడు. జో దాటడు! ఈ సీనులో మాట్లాడేవాణ్ణి కాదు, వినేవాణ్ణి చూడండి. బ్రూస్ డర్న్ మొహంలో ఒక మందబుద్ధి మనిషి లెక్కలు వేసుకోవడం, లెక్క తేలక మంచం మీద కూలబడటం అచ్చంగా కనిపిస్తాయి. మూడేళ్ల తర్వాత ‘ద కౌబాయ్స్’ (1972)లో జాన్ వేన్‌ను కాల్చి చంపిన విలన్ ఇతనేనని మీ నాన్నగారికి చెప్పండి, ముచ్చటపడతారు.

ఈ సినిమాలో ఎవరూ నవ్వించాలని నటించరు. పా డాన్బీకి తన కోపం నిజం. మేయరుకు తన ఊరి పరువు నిజం. జేసన్‌కైతే ఇదంతా ఆస్ట్రేలియా ప్రయాణంలో ఒక ఆటంకం. హీరో గురిని పరీక్షించే సీను చూడండి. వాషర్ బిళ్లనొకదాన్ని గాల్లోకి ఎగరేసి కాలుస్తాడు, నడిమి బెజ్జంలోంచి గుండు దూసుకెళ్లిందంటాడు. బెజ్జం ముందునుంచీ ఉన్నదే కదా, మేం ఎలా నమ్మాలి అంటారు ఊరి పెద్దలు. అందులో తప్పేమీ లేదు! బెజ్జానికి కాగితం ముక్క అంటించి మళ్లీ ఎగరేస్తాడు. ఇంకో సీనులో సొట్టపడిన షెరిఫ్ బిళ్ల చేతికిస్తే, పెట్టుకున్నవాడి ప్రాణం కాపాడినట్టుందే అంటాడు. కాపాడేదే, మిగతా గుళ్లు కూడా వచ్చి తగలకపోతే, అని జవాబు. ఆ జవాబు చెప్పేవాడి గొంతులో వెటకారం లేదు, జాలి లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే.

పిల్లలు పడీపడీ నవ్వేది బహుశా ఇంకో చోట. పా డాన్బీ తుపాకీతో జైల్లోకి వచ్చి గురిపెడితే జేసన్ తన తుపాకీ తియ్యడు. ముసలాయన తుపాకీ గొట్టంలో వేలు దూరుస్తాడు. భయపడటమో కాల్చడమో తప్ప మూడోది ఉంటుందని ఆ ముసలాయనకు జీవితంలో ఎప్పుడూ తట్టలేదు. ఏం చెయ్యాలో తోచదు. ఇంటికి పోయాక కూడా ఆ అవమానం మరిచిపోలేడు.

ఆ ముసలాయన వేషం వేసింది వాల్టర్ బ్రెనన్. మీరు అడిగినదానికి అసలు చిట్కా ఇక్కడుంది. ఈ సినిమాను నేరుగా పెట్టేయకండి. ముందురోజు సాయంత్రం ‘హై నూన్’ (1952) చూపించండి. గ్యారీ కూపర్ మార్షల్ (షెరిఫ్ లాంటి ఉద్యోగమే), నిడివి 85 నిమిషాలు, నలుపు తెలుపు, మాటలు తక్కువ. పన్నెండు గంటల రైలుకు హంతకుడు దిగుతున్నాడని తెలిసి మార్షల్ సాయం కోసం గడప గడపా తిరిగితే ఊరంతా తలుపులేసుకుంటుంది. మీ నాన్నగారికి మాట అర్థం కాకపోయినా గోడ గడియారమే కథ చెబుతుంది. అది చూసినవాళ్లకు మర్నాటి సినిమా రెట్టింపు పండుతుంది. ‘హై నూన్’లో ఇంట్లోనే దాక్కుని, లేనని పెళ్లాంతో చెప్పించే పిరికి స్నేహితుడు హ్యారీ మోర్గన్. మన సినిమాలో ఊరి మేయరు ఆయనే. ‘హై నూన్’ జైల్లో పడి ఉన్న తాగుబోతు, మార్షల్ వదిలేస్తే బయటపడేవాడు, జాక్ ఈలమ్. మన సినిమాలో అతను షెరిఫ్‌కు సహాయకుడు, డిప్యూటీ జేక్. పదిహేడేళ్ల తర్వాత ఆ ఇద్దరినీ ఒకచోట చేర్చిన సినిమా ఇది. పిల్లలకు ముందే చెప్పకండి, వాళ్లే పోల్చుకుంటారేమో చూడండి.

ఇంకో సాయంత్రం ఖాళీ ఉంటే ‘రియో బ్రావో’ (1959) కూడా చూడొచ్చు. అది మాత్రం రెండుంపావు గంటలు దాటుతుంది, పాప నిద్రపోతుంది. అందులోనూ జో అనేవాడే సెలూన్‌లో మనిషిని చంపి జైలుపాలవుతాడు, వాడి అన్న మనుషుల్ని వేసుకుని విడిపించడానికి వస్తాడు. అక్కడ జైలుకు కాపలా కాసిన కుంటి ముసలాయన ఎవరనుకున్నారు? ఈ వాల్టర్ బ్రెననే. పదేళ్లకు అదే జైలు మీదికి బయటినుంచి వచ్చాడన్నమాట. అంతకుముందు ‘మై డార్లింగ్ క్లెమెంటైన్’ (1946)లో కొడుకుల్ని వెంటేసుకుని తిరిగే క్రూరమైన క్లాంటన్ ముసలాడూ ఆయనే. పా డాన్బీ ఆ వేషానికే వెటకారం. మూడుసార్లు ఆస్కార్ కొట్టిన నటుడు తన పాత వేషాన్ని తానే ఎగతాళి చేసుకున్నాడు, అదీ మొహంలో ఎక్కడా నవ్వు కనపడనీయకుండా.

రచయిత బవర్స్ కూడా కొత్తవాడేం కాదు. గ్రెగరీ పెక్ నటించిన ‘ద గన్‌ఫైటర్’ (1950) రాసినవాళ్లలో ఆయనొకరు. పేరుమోసిన గురికాణ్ణి చంపి పేరు తెచ్చుకోవాలని ఊరికొక కుర్రాడు ఎదురుపడే విషాద కథ అది. మన సినిమాలోనూ కిరాయి తుపాకీగాళ్లు అలాగే ఒక్కొక్కడే వస్తారు. వాళ్లలో ఒకణ్ణి జేసన్ రాళ్లు విసిరి ఊరి బయటికి తరుముతాడు, వీధికుక్కను అదిలించినట్టు. ఆ విషాదాన్ని రాసిన చెయ్యి ఈ రాళ్లనూ రాసింది కాబట్టే గురి తప్పలేదు.

జాక్ ఈలమ్ గురించి రెండు మాటలు. చిన్నప్పటి దెబ్బతో ఎడమకన్ను పక్కకు తిరిగిపోయిన మనిషి. ఆ కన్ను వల్లే ఏళ్ల తరబడి విలన్ పక్కనుండే రౌడీ వేషాలు వేశాడు. ఈ సినిమా ఆ మొహంలోని హాస్యాన్ని బయటికి తీసింది. విలన్ వేషాల్లో ముదిరినవాడు హాస్యానికి దిగితే ఎలా ఉంటుందో కోట శ్రీనివాసరావును చూసిన మనకు వేరే చెప్పాలా? జేక్ మొదట గుర్రాలశాలలో పేడ ఎత్తే మనిషి. జేసన్ అతణ్ణి డిప్యూటీని చేస్తాడు. అక్కణ్నుంచి సినిమాలో సగం నవ్వులు అతనివే.

ఇక కాపీ సంగతి. ఓటీటీల్లో పాత సినిమాలు నెలకోచోట ఉంటాయి, కాబట్టి పండక్కి వారం ముందే వెతికి చూసుకోండి. అమెరికాలో ఉన్న బంధువులెవరైనా డిస్క్ పంపిస్తామంటే వెంటనే సరేననకండి. ఏ డిస్క్ ఏ దేశాల్లో ఆడాలో చెప్పే గుర్తు రీజియన్. అక్కడి డీవీడీ రీజియన్ 1, మనది 5. బ్లూరే అయితే అక్కడిది ఏ, మనది సి. రీజియన్ కట్టేసిన ప్లేయరులో డిస్క్ తిరుగుతుంది గానీ బొమ్మ రాదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటేనే తెప్పించుకోండి.

దొరికిన కాపీని అయిదు నిమిషాలు వేసి చూడండి. ఈ సినిమా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.85. ఇప్పటి టీవీలది 1.78. అంటే తెర దాదాపు నిండిపోవాలి, పైనా కిందా సన్నటి నల్లగీతలు ఉంటే ఉండొచ్చు. పక్కల్లో మందంగా నల్లపట్టీలు వచ్చి బొమ్మ చతురస్రంగా ఉందంటే అది పాత టీవీల కోసం మార్చిన కాపీ. ఎక్కువగా పక్కలు కోసేసి ఉంటారు. ఊరి పెద్దలు వరసగా నిలబడ్డ సీన్లలో నవ్వంతా వినేవాళ్ల మొహాల్లో ఉంటుంది, ఆ చివరి మొహాలే కోతకు పోతాయి. బొమ్మ నిండుగా ఉండి మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తుంటే మాత్రం తప్పు కాపీది కాదు, మీ టీవీది. పిక్చర్ సైజు ‘స్ట్రెచ్’లో ఉండి ఉంటుంది. ‘ఒరిజినల్’కో, ‘జస్ట్ స్కాన్’కో మార్చండి.

బొమ్మ సీరియల్‌లా జారుతున్నట్టు అనిపిస్తే ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా ఫ్రేములు పుట్టిస్తోందన్నమాట. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అని ఉంటుంది, ఆపేయండి. ఈ సినిమాకు ఇది మరీ ముఖ్యం. వీధి సెట్టు అసలే టీవీ సీరియల్ సెట్టులా కాస్త చవగ్గా ఉంటుంది, ఆ జారుడు తోడైతే నాటకం చూస్తున్నట్టే అవుతుంది. సౌండ్ ‘మూవీ’, ‘సరౌండ్’ మోడ్‌లలో పెట్టకండి. ఇది మోనో (శబ్దమంతా ఒకే చానెల్‌లో ఉండే) సినిమా, మాట నాలుగు వైపులకూ చెదిరిపోయి బోలుగా వినిపిస్తుంది. ‘వాయిస్’ గానీ ‘స్టాండర్డ్’ గానీ చాలు. తుపాకీ మోతకు ఉలిక్కిపడి సౌండ్ తగ్గిస్తే మాట వినపడదు. సౌండ్‌బార్‌లో ‘నైట్ మోడ్’ ఉంటే మోతను అణచి మాటను పైకి తెస్తుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ దొరకలేదన్నారు. మీరే చేసుకోవచ్చు, మొత్తం చేయనక్కర్లేదు. ఇలాంటి మాటల సినిమాకు ఇంగ్లిష్ ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్స్ ఉండే) ఫైలులో వెయ్యికి అటూ ఇటూ ముక్కలుంటాయి. నూరూ నూటయాభై తెలుగులోకి తెస్తే కథ ఆగకుండా నడుస్తుంది. డాన్బీల దారిసుంకం, బిళ్ల సొట్ట, వాషరు, సుద్దగీత, ఆస్ట్రేలియా మాట వచ్చిన ప్రతిచోటూ, చివర్లో జేక్ మాట్లాడేదంతా. ఇవి తప్పకూడదు. మిగతావి ఖాళీగా వదిలేయండి. తెర కింద ఎప్పుడూ అక్షరాలే పరిగెడుతుంటే నాన్నగారు మొహాలు చూడరు, ఈ సినిమాలో చూడాల్సింది మొహాలే. ఒక్కో ముక్క రెండు పంక్తులు దాటకూడదు, పంక్తికి నాలుగైదు మాటలు చాలు. పాప కూడా చదవాలి కాబట్టి చిన్న ముక్కైనా రెండు సెకన్లకు తక్కువ ఉంచకండి.

ఫైలును సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఇంగ్లిష్ పక్కన తెలుగు కొట్టండి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. మరోటి ఎంచితే తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి గుచ్చితే చాలా టీవీల్లో తెలుగు ఫాంటు లేక డబ్బాలు వస్తాయి, లేదా ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి వీఎల్‌సీలో వేయండి. సబ్‌టైటిల్ ఫాంటు విండోస్‌లోనైతే నిర్మలా యూఐ, లేదంటే నోటో సాన్స్ తెలుగు పెట్టండి.

మాట ఒకచోట, అక్షరం ఒకచోట పడుతుంటే రెండు రకాల జబ్బులుంటాయి. మొదటినుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే తేలిక. వీఎల్‌సీలో అక్షరాలు ముందే వస్తుంటే హెచ్ మీట, ఆలస్యంగా వస్తుంటే జి మీట నొక్కాలి, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే అది వేగం జబ్బు. యూరప్ టీవీల కోసం చేసిన కాపీలు సెకనుకు 25 ఫ్రేములతో ఆడతాయి, అమెరికా కాపీకి చేసిన సబ్‌టైటిల్స్ 23.976 లెక్కన ఉంటాయి. కాపీ నిడివి 92 కాకుండా 88 నిమిషాలు చూపిస్తుంటే అనుమానించాల్సింది ఇదే. గంట తిరిగేసరికి తేడా దాదాపు రెండున్నర నిమిషాలకు చేరుతుంది, మీటలు నొక్కి లాభం లేదు. సబ్‌టైటిల్ ఎడిట్‌లోనే ఫ్రేమ్ రేట్ మార్చే వీలుంది. 23.976 నుంచి 25కు మార్చి సేవ్ చేసుకుంటే చివరిదాకా అతుక్కుంటుంది. పండగ రోజు అందరూ కూర్చున్నాక ఈ పని పెట్టుకోకండి. ముందురోజే మొదట్లో ఒక మాట, గంట దగ్గర ఒక మాట సరిచూసుకుంటే చాలు.

మెషిన్ అనువాదంతో పని కానిచ్చేద్దామనిపిస్తుంది, వద్దు. ఒక వాక్యం రెండు ముక్కల్లో ఉంటే యంత్రం దేనికదే అనువదించేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు మర్యాద. ఒకే మనిషిని ఒక ముక్కలో నువ్వంటుంది, తర్వాతి ముక్కలో మీరంటుంది. ఈ సినిమాలో సగం హాస్యం ఆ మర్యాదలోనే ఉంది. జేసన్ ఎవరిమీదా గొంతు పెంచడు. అతని చేత అందరినీ, తుపాకీ గురిపెట్టిన పా డాన్బీని కూడా, ‘మీరు’ అనే అనిపించండి. “తమరు కాస్త ఆ గీత ఇవతలికి రాకుండా ఉంటే మంచిదండీ” అంటే నవ్వొస్తుంది. “ఒరేయ్, గీత దాటావో చూడు” అంటే మామూలు హీరో అయిపోతాడు. డాన్బీలు మాత్రం అందరినీ ఏకవచనమే, కొడుకులతో తండ్రి “ఒరేయ్”, తండ్రితో కొడుకులు “నాన్నా”. జేక్ మొదట జేసన్‌ను “దొరా” అని పిలిచి, డిప్యూటీ అయ్యాక “సార్”లోకి దిగొచ్చు. ప్రూడీ జేసన్‌ను మొదట్లో “మీరు” అంటుంది. ఎక్కడ “నువ్వు”లోకి మారాలో మీరే చూసి తేల్చుకోండి, ఆ పెళ్లి చూపులు ఆ సినిమాలో అంత తిన్నగా సాగవు.

ప్రూడీగా వేసిన జోన్ హాకెట్‌ను ఎవరూ పెద్దగా మెచ్చుకోరు, అది అన్యాయం. బురదలో కొట్లాడుతుంది, బట్టలకు నిప్పంటించుకుంటుంది, చెట్టెక్కి దాక్కుంటుంది. అంతా చేసి ఎప్పటికప్పుడు పరువు గల పిల్లలా నిలబడాలని చూస్తుంది. పాపకు బాగా నచ్చేది ఈమే. ఈమె చేతే బవర్స్ ‘హై నూన్’ను తలకిందులు చేయించాడు. డాన్బీలు మందతో వస్తున్నారని తెలిసి జేసన్ ఊరొదిలి పోవడమే తెలివైన పని అంటాడు. అక్కడ కూపర్ భార్య వెళ్లిపోదామని బతిమాలితే ఆయన వినడు. ఇక్కడ ప్రూడీ ఎంత మంచి నిర్ణయమో అని తెగ మెచ్చుకుంటుంది. ఆ మెచ్చుకోలు వినీ వినీ జేసన్‌కు ఒళ్లు మండి ఆగిపోతాడు. ఈ సీను మాటలన్నీ తెలుగులో ఉండాలి, ఒక్కటీ వదలకండి.

పిల్లల విషయంలో దాచకుండా చెప్పాల్సినవి రెండు. మొదట్లో సెలూన్‌లో జో మనిషిని కాల్చడం ఉంది, నెత్తురు చిమ్మడం లాంటిది కాదు. ఊళ్లో మేడమ్ ఓర్ నడిపే ఇల్లొకటి ఉంది, అది వేశ్యాగృహం. చూపించేది ఏమీ లేదు గానీ చివర్లో ఒక నవ్వు దాని మీదే ఉంది. పాప అడిగితే హోటల్ అని చెప్పి దాటేయొచ్చు, అబ్బాయి అడగడు.

నాన్నగారిని కూడా ముందే సిద్ధం చేయాలి. ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) రాజస్థాన్ ఎడారిలో గుర్రాల దుమ్ము రేపిన సినిమా. దాని వేగం ఇటలీ కౌబాయ్ సినిమాలది. ఇందులో ఆ ఎడారి లేదు, గుర్రాల పరుగులు తక్కువ, నిధి వేట అసలే లేదు. కథంతా ఒక వీధి, ఒక జైలు, ఒక హోటలు. యాక్షన్ ఏదీ అని అరగంటకే అడిగేస్తారు. “ఇది తుపాకీ తియ్యని కౌబాయ్ కథ నాన్నా, కాల్పులు చివర్లో ఉన్నాయి” అని ముందే అనేస్తే సర్దుకుంటారు. ఇంటర్వెల్ లేకపోతే మన ఇళ్లలో కుదరదు గనక పా డాన్బీ మొదటిసారి జైలుకొచ్చి వేలి దెబ్బ తిని వెళ్లిపోయాక ఆపండి. ఆ సీను మాట్లాడుకుంటూ టీ తాగొచ్చు. ఆ తర్వాత కొంతసేపు సినిమా కాస్త నెమ్మదిస్తుంది, ఒకే రకం తమాషా రెండు మూడుసార్లు తిరుగుతుంది. జెఫ్ అలెగ్జాండర్ సంగీతం కూడా అక్కడక్కడ ఇప్పుడు నవ్వండి అని మోచేత్తో పొడుస్తున్నట్టుంటుంది. డాన్బీలు మూకుమ్మడిగా దిగేసరికి మళ్లీ పుంజుకుంటుంది. కాల్పులు అయిపోయాయి కదా అని ఎవరూ లేవకుండా చూడండి. ఊరి నడుమ ఉన్న ఫిరంగి సంగతి, ఆ తర్వాత జేక్ నేరుగా మనవైపు తిరిగి చెప్పే నాలుగు మాటలు అప్పుడే వస్తాయి.

ఎంత వెతికినా ఇది దొరకకపోతే పిల్లల కోసం లారెల్, హార్డీల ‘వే అవుట్ వెస్ట్’ (1937) పెట్టండి. గంటకు కాస్త పైన. సెలూన్ గుమ్మం ముందు వాళ్లిద్దరూ వేసే చిందుకు ఏ భాషా అక్కర్లేదు. నాన్నగారి కోసమైతే ‘డెస్ట్రీ రైడ్స్ అగైన్’ (1939). జేమ్స్ స్టువర్ట్ తుపాకీ కట్టని డిప్యూటీగా ఊళ్లోకి దిగుతాడు, సగం నవ్వు, సగం దెబ్బలాట. బాబ్ హోప్ ‘ద పేల్‌ఫేస్’ (1948) కూడా ఎవరైనా చెబుతారు. హోప్ మాటలు మెరుపులే గానీ, అమెరికా ఆదివాసులను అందులో చూపించిన తీరు ఇప్పుడు ఇబ్బంది పెడుతుంది, అబ్బాయికి అది ఎందుకు తప్పో చెప్పే ఓపిక ఉంటేనే పెట్టండి. ‘క్యాట్ బలూ’ (1965)లో లీ మార్విన్ రెండు వేషాలేసి ఉత్తమ నటుడి ఆస్కార్ కొట్టాడు. ఉరికంబం దగ్గర మొదలయ్యే ఆ కథను మాత్రం పాప పడుకున్నాక మీరూ మీ నాన్నగారూ చూడండి.